ఇంగ్లాండులో ఫార్మసీ నిధుల కోత: విద్యార్థులుగా మనం ఏమి చెప్పాలి, ఎవరికి చెప్పాలి?

సాహితి (ఎంఫార్మ్, నాలుగో సంవత్సరం)
2016 ఫిబ్రవరి 6

అందరికీ నమస్కారం. నేను ఉత్తర ఇంగ్లాండులో ఎంఫార్మ్ ఆఖరి సంవత్సరం చదువుతూ, శనివారాలు ఒక చిన్న ఫార్మసీలో పనిచేస్తున్నాను. గత డిసెంబరు 17న ఆరోగ్య శాఖ, ప్రభుత్వ వైద్య సేవల వ్యవస్థ (ఎన్‌హెచ్‌ఎస్) నడిపే ఎన్‌హెచ్‌ఎస్ ఇంగ్లాండు కలిసి, ఫార్మసీల తరఫున ప్రభుత్వంతో నిధుల గురించి మాట్లాడే పి.ఎస్.ఎన్.సి.కి ఒక బహిరంగ లేఖ రాశాయి. ప్రస్తుతం ఏడాదికి 280 కోట్ల పౌండ్లుగా ఉన్న కమ్యూనిటీ ఫార్మసీ (వీధుల్లోని మందుల దుకాణాల) నిధులను 2016-17లో 263 కోట్లకు మించనీయబోమని అందులో ఉంది. అంటే ఒకే సంవత్సరంలో 17 కోట్ల పౌండ్ల కోత. జనవరిలో మంత్రి ఆలిస్టర్ బర్ట్ పార్లమెంటు సభ్యుల బృందంతో మాట్లాడుతూ, వెయ్యి నుంచి మూడు వేల వరకు ఫార్మసీలు మూతపడే అవకాశం ఉందన్నారు. ఇంగ్లాండులో మొత్తం ఫార్మసీలు సుమారు 11,700. మూడు వేలు పోతే ప్రతి నాలుగింటిలో ఒకటి పోయినట్లే.

మా తరగతివాళ్లం సంతకాలు సేకరిస్తున్నాం. అయితే నిన్న ఒక పెద్దాయన నన్ను ఆపి, "మీకు ఉద్యోగాలు రావనే కదా ఈ గొడవంతా?" అని అడిగారు. నేను కాదనలేకపోయాను, ఎందుకంటే ఆ భయం మాకు నిజంగానే ఉంది. నాలుగేళ్లు చదివి, తర్వాత ఒక ఏడాది ప్రీ-రిజిస్ట్రేషన్ శిక్షణ పూర్తిచేస్తే తప్ప మేము ఫార్మసిస్టులం కాము. ఆ శిక్షణ ఇచ్చే దుకాణమే మూతపడితే మేము ఎక్కడికి వెళ్లాలి? కానీ అదొక్కటే కారణం కాదని కూడా నాకు తెలుసు. మిగతాది ఆయనకు అర్థమయ్యేలా ఎలా చెప్పాలో తెలియకనే ఇక్కడ రాస్తున్నాను. ఈ రంగంలో ఉన్నవారు చెప్పగలరా?

తెల్లకోటు
2016 ఫిబ్రవరి 7

అమ్మా సాహితీ, ఉద్యోగ భయాన్ని దాచుకోవలసిన అవసరం లేదు. ఆ పెద్దాయనకు ముందు డబ్బు ఎలా వస్తుందో చెప్పి చూడు. ఇరవై రెండేళ్లుగా సొంత దుకాణం నడుపుతున్నాను, ఆ అనుభవంతో చెబుతున్నాను: మా కౌంటరు ముందు నిలబడే వారిలో చాలామంది, తాము ఒక్కో మందుకు కట్టే 8.20 పౌండ్లు మా గల్లాపెట్టెలోకే పోతున్నాయని అనుకుంటారు. అది నిజం కాదు. ఆ రుసుమును మేము ఎన్‌హెచ్‌ఎస్ తరఫున వసూలు చేస్తాము, మాకు రావలసిన మొత్తంలోంచి దాన్ని అంతటినీ వాళ్లు మినహాయించుకుంటారు.

ఆ 280 కోట్లలో ఇంచుమించు 200 కోట్లు ఫీజులు, భత్యాల రూపంలో వస్తాయి. మిగిలిన 80 కోట్లు, ప్రభుత్వం మాకు చెల్లించే మందుల ధరల పట్టిక అయిన డ్రగ్ టారిఫ్‌లో రాసిన ధరకంటే తక్కువకు టోకు వ్యాపారుల దగ్గర మందులు కొనగలిగినప్పుడు మిగిలే తేడా. ఆ తేడా 80 కోట్లు దాటితే తర్వాతి నెలల్లో టారిఫ్ ధరలు తగ్గించి ప్రభుత్వం దాన్ని వెనక్కి తీసుకుంటుంది. అంటే బాగా బేరమాడి కొనే దుకాణదారు వల్ల లాభపడేది చివరికి ఖజానాయే. మందు ఇచ్చినందుకు మాకు ముట్టే ఫీజు ఒక్కో వస్తువుకు, అంటే చీటీలో రాసిన ఒక్కో మందుకు, 90 పెన్నీలు. వీటికి తోడు, నెలకు 2,500 వస్తువులు దాటిన ప్రతి ఫార్మసీకి ఎస్టాబ్లిష్‌మెంట్ పేమెంట్ పేరుతో ఏడాదికి 25,000 పౌండ్లకు కాస్త అటూఇటూగా వస్తుంది. మా అద్దె, కరెంటు దాని మీదే గడుస్తున్నాయి.

17 కోట్లను 11,700తో భాగిస్తే సగటున దుకాణానికి 14,500 పౌండ్లు వస్తుంది. దుకాణం మూసేసే ముందు ఎవరైనా ఏమి చేస్తారు? ఎన్‌హెచ్‌ఎస్‌తో ఒప్పందంలో లేని పనులు మానేస్తారు. ముసలివారి ఇళ్లకు మందులు ఉచితంగా చేరవేయడానికి ఎన్‌హెచ్‌ఎస్ మాకు ఒక్క పెన్నీ ఇవ్వదు. రోజువారీ మాత్రలను గళ్లపెట్టెల్లో పూటల వారీగా సర్ది ఇచ్చే పనిలో ఎక్కువ భాగమూ అంతే. మూతపడిన దుకాణాలను లెక్కపెట్టడం తేలిక. ఆగిపోయిన ఈ పనులను ఎవరూ లెక్కపెట్టరు. నాకు ఎక్కువ దిగులు కలిగించేది అదే.

లెక్కల మనిషి
2016 ఫిబ్రవరి 7

నేను ప్రభుత్వ రంగంలో ఆడిట్ పనిచేస్తాను. మీ ఉద్యమానికి నేను శత్రువును కాను, అయినా అవతలి వాదనను కూడా మీరు వినాలి. పదేళ్లలో ఫార్మసీల సంఖ్య దాదాపు రెండు వేలు పెరిగింది. నలభై శాతం ఫార్మసీలకు పది నిమిషాల నడక దూరంలోనే కనీసం మరో రెండు ఉన్నాయని ఆ లేఖలోనే రాశారు. ఒకే వీధిలో మూడు దుకాణాలకు, మూడింటికీ విడివిడిగా పాతిక వేల పౌండ్ల చొప్పున ప్రజాధనం ఎందుకు ఇవ్వాలి? 2020 నాటికి ఎన్‌హెచ్‌ఎస్ 2,200 కోట్ల పౌండ్ల పొదుపు చూపాలి, ఆసుపత్రులు లోటులో ఉన్నాయి. ఫార్మసీని మాత్రం ముట్టుకోవద్దని అంటే, మరి దేన్ని ముట్టుకోవాలో కూడా చెప్పాలి కదా.

తెల్లకోటు
2016 ఫిబ్రవరి 8

మీ ప్రశ్న న్యాయమైనదే. ఒకే వీధిలో మూడు దుకాణాలు ఎక్కువేనని నేనూ ఒప్పుకుంటాను. కానీ అవి అక్కడికి ఎలా వచ్చాయో చూడండి. వారానికి వంద గంటలు తెరిచి ఉంచుతామంటే, ఆ ప్రాంతంలో అవసరం ఉందో లేదో చూడకుండానే అనుమతి ఇచ్చే నిబంధన 2005లో వచ్చింది. దాన్ని 2012లో తీసేశారు. ఆ ఏడేళ్లలోనే సూపర్‌మార్కెట్లలో, వైద్యశాలల పక్కన కొత్త ఫార్మసీలు వరుసగా వెలిశాయి. ప్రభుత్వ నిబంధన వల్ల ఏర్పడిన గుంపులను చూపించి ఇప్పుడు అందరికీ కోత పెడుతున్నారు.

అసలు చిక్కు మరొకటి ఉంది. గుంపుల్ని పలచన చేయాలంటే గుంపుల్లో ఉన్నవాటినే విలీనం చేసుకోమని ప్రోత్సహించవచ్చు. ఈ కోతకు ఆ చూపు లేదు. ఒకే వీధిలో మూడు ఉంటే వాటిలో మిగిలేది రోగులకు ఎక్కువ ఉపయోగపడేది కాదు, వెనక పెద్ద సంస్థ డబ్బు ఉన్నది. పాలమూరు నుంచి వచ్చి అప్పు చేసి దుకాణం కొన్న నాలాంటివాడు, మందులు కొన్న డబ్బు టోకు వ్యాపారికి నెలాఖరుకే కట్టాలి, ఎన్‌హెచ్‌ఎస్ నుంచి పూర్తి లెక్క తేలేసరికి ఇంకా ఆలస్యమవుతుంది. ఆ మధ్య కాలాన్ని తట్టుకునే శక్తి ఎవరికి ఉందన్నదే ఇక్కడ తేలేది.

అనుపమ (జి.పి.)
2016 ఫిబ్రవరి 10

నేను కుటుంబ వైద్యురాలిని. సోమవారం ఉదయం మా ఫోన్లు ఎలా మోగుతాయో అందరికీ తెలుసు. ఆ రద్దీలో దగ్గు, కంటి కలక, పిల్లల జ్వరం లాంటి వాటికి చాలామందిని ముందు ఫార్మసీకి వెళ్లమని మేమే చెబుతాము. అక్కడ అపాయింట్‌మెంట్ అవసరం లేదు. ఆ తలుపు మూసుకుంటే వాళ్లందరూ మళ్లీ నా వరుసలోకే వస్తారు. ఆదా అయిందనుకున్న డబ్బు ఇంకో పద్దులో ఖర్చవుతుంది.

ఒక సంగతి చెబుతాను. చాలాకాలంగా కొలెస్టరాల్ తగ్గించే సిమ్వాస్టాటిన్ అనే స్టాటిన్ వాడుతున్న రోగికి ఒకసారి పని ఒత్తిడిలో క్లారిత్రోమైసిన్ అనే యాంటీబయాటిక్ రాశాను. ఆ రెండూ కలిస్తే కండరాలకు తీవ్రమైన హాని జరగవచ్చు. మా వీధి చివర ఫార్మసిస్టు ఫోన్ చేసి, "డాక్టరుగారూ, ఈ వారం రోజులు స్టాటిన్ ఆపమని చెప్పనా, లేక యాంటీబయాటిక్ మారుస్తారా?" అని అడిగారు. ఆ ఫోన్ కాల్ ఏ గణాంకంలోనూ నమోదు కాదు, దానికి ఫీజూ లేదు. సాహితిగారూ, మీరు ఎంపీని కలిసేటప్పుడు ఇలాంటివి చెప్పండి. మీకు అవసరమైతే నా పేరుతో ఉత్తరం రాసి ఇస్తాను.

మరొక విషయం నాకు మింగుడు పడటం లేదు. ఫార్మసీల్లో ఫ్లూ టీకాలు వేసే పథకాన్ని దేశమంతటా 2015 సెప్టెంబరులోనే ప్రారంభించారు. కొత్త పని అప్పగించిన మూడు నెలలకే నిధుల కోత లేఖ వచ్చింది.

రాఘవ (ఎంఫార్మ్, రెండో సంవత్సరం)
2016 ఫిబ్రవరి 11

మా విశ్వవిద్యాలయంలో అందరం ఒకే నమూనా ఉత్తరాన్ని ఎంపీలకు పంపించాము. వచ్చిన జవాబులు కూడా అన్నీ ఒకేలా ఉన్నాయి, ఆరోగ్య శాఖ తయారు చేసి ఇచ్చిన అవే మూడు పేరాలు. ఇది వృథా ప్రయాస అయిందేమోనని బాధగా ఉంది.

సాహితి (ఎంఫార్మ్, నాలుగో సంవత్సరం)
2016 మార్చి 12

ఆలస్యానికి క్షమించండి. గత శుక్రవారం మేము నలుగురం మా ఎంపీని కలిశాము. అక్కడ జరిగింది వివరంగా రాస్తాను, ఎందుకంటే రాఘవ అడిగినదానికి జవాబు అందులోనే ఉంది.

నేను 280 కోట్లు, 263 కోట్లు, మూడు వేల దుకాణాలు అంటూ మొదలుపెట్టాను. ఎంపీ ఓపికగా విని, "నా నియోజకవర్గంలో ఏ దుకాణం మూతపడుతుంది?" అని ఒకే ప్రశ్న అడిగారు. మా దగ్గర జవాబు లేదు. రెండు నెలలుగా సంతకాలు సేకరిస్తున్న మాకు, మేము చదువుకునే ఊళ్లో ఎన్ని ఫార్మసీలు ఉన్నాయో కూడా సరిగ్గా తెలియదు. ఆ క్షణంలో నాకు సిగ్గు కలిగింది.

ఆ సాయంత్రమే మేము పటం తీసుకుని పని పంచుకున్నాము. ప్రతి ఫార్మసీకి వెళ్లి మూడు విషయాలు అడిగాము: ఒప్పందంలో లేకపోయినా ఉచితంగా చేస్తున్న పనులు ఏమిటి, ఆ దుకాణం మూతపడితే దగ్గర్లో ఉన్న తర్వాతి ఫార్మసీకి నడిచి వెళ్లడానికి ఎంతసేపు పడుతుంది, అక్కడ ఇప్పుడు ఎంతమంది విద్యార్థులు శిక్షణ పొందుతున్నారు. నడక సమయాన్ని పటం మీద కొలవలేదు, మేమే నడిచాము. ఒకచోట రెండు దుకాణాల మధ్య దూరం మైలుకు తక్కువే, కానీ మధ్యలో నిటారైన ఎత్తు, నాలుగు వరుసల రహదారి ఉన్నాయి. చేతికర్రతో నడిచే మనిషికి అది మైలు లెక్కలో ఇమిడే దూరం కాదు.

రెండోసారి వెళ్లినప్పుడు ఎంపీ ఆ కాగితాన్ని తన దగ్గర ఉంచుకున్నారు. అనుపమగారి ఉత్తరం కూడా జత చేశాము, ఆమెకు ధన్యవాదాలు. కోతకు వ్యతిరేకంగా ఓటు వేస్తానని ఎంపీ మాట ఇవ్వలేదు. మా ఊరి పేరుతో మంత్రికి లిఖితపూర్వకంగా ప్రశ్న పంపుతానన్నారు.

లెక్కల మనిషి
2016 మార్చి 13

ఇది మంచి పని. ఆ కాగితం లాంటిది ప్రతి నియోజకవర్గం నుంచి వస్తే నాలాంటివాడు కూడా వాదన మార్చుకోవలసి ఉంటుంది. విద్యార్థులకు ఒక సౌలభ్యం ఉంది, మీరు అది గమనించారో లేదో. ఒకే తరగతిలో కూర్చున్నా మీ సొంత ఊళ్లు వేరు, ఓటు నమోదు చేసుకున్న నియోజకవర్గాలు వేరు. ఒక దుకాణదారుకు ఒక ఎంపీయే ఉంటారు. మీ తరగతి మొత్తానికి ఎంతమంది ఎంపీలు ఉంటారో లెక్క వేసుకోండి.

కార్డిఫ్ కృష్ణ
2016 మార్చి 15

వేల్స్ నుంచి ఒక మాట. ఈ కోత ఇంగ్లాండుకు మాత్రమే. ఇక్కడా, స్కాట్లాండులోనూ ఫార్మసీ ఒప్పందాలు వేరు. వేల్స్‌లో 2007 నుంచి, స్కాట్లాండులో 2011 నుంచి ప్రిస్క్రిప్షన్ రుసుమే లేదు. స్కాట్లాండులో చిన్న చిన్న జబ్బులకు ఫార్మసీలోనే పేరు నమోదు చేసుకుని ఉచితంగా మందు పొందే ఏర్పాటు 2006 నుంచి నడుస్తోంది. డబ్బు ఇబ్బంది మూడు చోట్లా ఉన్నదే. ఫార్మసీకి కొత్త పని ఇచ్చి వైద్యుల మీద భారం తగ్గించాలని రెండు చోట్ల చూస్తుంటే, ఒక చోట మాత్రం ఉన్న నిధులను కోస్తున్నారు. "వేరే దారి లేదు" అని ఎవరైనా మీతో అంటే, సరిహద్దు దాటి చూడమని చెప్పండి.

రాఘవ (ఎంఫార్మ్, రెండో సంవత్సరం)
2016 మే 25

నిన్న డౌనింగ్ స్ట్రీట్‌లో సంతకాల పెట్టెలు అందజేశారు. 18 లక్షలు దాటాయి. నేను పనిచేసే దుకాణం కౌంటరు మీద పెట్టిన కాగితాలు కూడా వాటిలో ఉన్నాయి. సంతకం చేసిన ఒక్కొక్కరూ తమ కథ చెప్పి వెళ్లడం వల్ల, మందుల పని పక్కన పెట్టి వినవలసి వచ్చిన రోజులు ఉన్నాయి. చదువులో నేర్చుకోనిది అక్కడ చాలా నేర్చుకున్నాను.

సాహితి (ప్రీ-రిజిస్ట్రేషన్ ట్రైనీ)
2016 అక్టోబరు 22

మొన్న 20వ తేదీన నిర్ణయం వచ్చింది. కొత్త మంత్రి డేవిడ్ మోవట్ సభలో ప్రకటించారు. ఈ ఏడాది 268.7 కోట్లు, వచ్చే ఏడాది 259.2 కోట్లు. 17 కోట్ల కోత ఈ ఏడాదికి 11.3 కోట్లకు తగ్గిందని సంతోషించేలోగా రెండో ఏడాది లెక్క చూశాను, 280తో పోలిస్తే 20.8 కోట్లు తక్కువ. అమలును అక్టోబరు నుంచి డిసెంబరు 1కి జరిపారు.

ఎస్టాబ్లిష్‌మెంట్ పేమెంట్‌ను డిసెంబరులో 20 శాతం, వచ్చే ఏప్రిల్‌లో 40 శాతం తగ్గించి, ఆ తర్వాత దశలవారీగా పూర్తిగా ఎత్తివేస్తారు. 90 పెన్నీల ఫీజునూ మరికొన్ని చిన్న భత్యాలనూ కలిపేసి, ఒక్కో వస్తువుకు 1.13 పౌండ్ల ఒకే ఫీజు చేశారు. ఎన్ని డబ్బాలు బయటికి వెళితే అంత ఆదాయం అన్నమాట. రోగితో పావుగంట మాట్లాడే ఫార్మసిస్టుకు ఈ పద్ధతిలో దక్కేది ఏమీ ఉండదు.

మారుమూల ప్రాంతాల రక్షణకు ఫార్మసీ యాక్సెస్ స్కీమ్ పెట్టారు. తర్వాతి ఫార్మసీ మైలుకు మించిన దూరంలో ఉండాలి, ఎక్కువ మందులు ఇచ్చే తొలి పాతిక శాతంలో ఆ దుకాణం ఉండకూడదు. 1,300కు పైగా ఫార్మసీలు దీనికి అర్హత పొందాయి. మేము నడిచి కొలిచిన ఆ ఎత్తు పక్కన ఉన్న దుకాణానికి అర్హత రాలేదు. మైలుకు కొద్ది గజాలు తక్కువ.

అనుపమ (జి.పి.)
2016 అక్టోబరు 23

పేదల వాడల్లో ఫార్మసీలు ఒకదానికొకటి దగ్గరగానే ఉంటాయి, ఎందుకంటే అక్కడ జబ్బులూ ఎక్కువే, కార్లు లేనివాళ్లూ ఎక్కువే. దూరం ఒక్కటే కొలమానమైతే ఆ వాడలకు రక్షణ ఉండదు. కమ్యూనిటీ ఫార్మసీల సేవల భవిష్యత్తుపై ఆరోగ్య విధానాలపై పరిశోధన చేసే కింగ్స్ ఫండ్ సంస్థకు చెందిన రిచర్డ్ మర్రే చేస్తున్న సమీక్ష ఇంకా బయటికి రాలేదు. సమీక్ష చదవకముందే కోతను నిర్ణయించడం నాకు అర్థం కాలేదు.

తెల్లకోటు
2016 డిసెంబరు 3

ఈ వారం నుంచి మా దుకాణంలో ఇంటికి మందుల చేరవేత వారానికి ఐదు రోజుల నుంచి రెండు రోజులకు తగ్గించాను. మందులు చేరవేసే కుర్రవాడికి ఈ మాట చెప్పడానికి నాకు మూడు రోజులు పట్టింది. మంచానికే పరిమితమైన వారికి నేనే వెళ్లి ఇచ్చి వస్తున్నాను.

సాహితి (ప్రీ-రిజిస్ట్రేషన్ ట్రైనీ)
2017 మే 19

ఈ కోతకు వ్యతిరేకంగా పి.ఎస్.ఎన్.సి., నేషనల్ ఫార్మసీ అసోసియేషన్ వేసిన వ్యాజ్యాలను నిన్న హైకోర్టు కొట్టివేసింది. పై కోర్టుకు వెళ్లే ఆలోచన ఉందంటున్నారు. తీర్పు చదివాక నాకు అర్థమైనది ఒకటి ఉంది. ఒక నిర్ణయం మంచిదా చెడ్డదా అని తేల్చడం కోర్టు పని కాదు, దాన్ని తీసుకున్న పద్ధతి చట్టబద్ధమా కాదా అన్నదే అది చూస్తుంది. మంచిచెడులు తేలవలసింది పార్లమెంటులోనే. కాబట్టి నియోజకవర్గాల కాగితాల పని ఆపవద్దని నా మనవి. వచ్చే నెల నా రిజిస్ట్రేషన్ పరీక్ష ఉంది. అది అయ్యాక నేను మళ్లీ చేరతాను.

లెక్కల మనిషి
2019 జులై 24

ఈ చర్చను చాలాకాలం తర్వాత తెరుస్తున్నాను. అప్పీలు కోర్టు కూడా గత ఆగస్టులో వ్యాజ్యాన్ని తోసిపుచ్చిన సంగతి మీకు తెలిసిందే. ఇప్పుడు అయిదేళ్ల ఒప్పందం వచ్చింది, 2023-24 వరకు ఏటా 259.2 కోట్ల పౌండ్లు. ధరలు పెరిగినా ఇది పెరగదు. 2016లో నేను సమర్థించినది గుంపుల్లో ఉన్న అదనపు దుకాణాలను సర్దుబాటు చేయడాన్ని. విలువ తరిగిపోయే మొత్తాన్ని అయిదేళ్లు కదలకుండా ఉంచడం దానికి సంబంధించినది కాదు, అందరికీ వర్తించే కోత ఏటా కొత్తగా పడుతున్నట్లే. తెల్లకోటుగారు ఆనాడు చెప్పినదాన్ని నేను తక్కువగా అంచనా వేశాను.

రమ్య (ఎంఫార్మ్, మూడో సంవత్సరం)
2019 జులై 26

నేను ఈ చర్చ మొత్తం నిన్న రాత్రి చదివాను. మా విశ్వవిద్యాలయంలో కొందరం కలిసి మళ్లీ ఎంపీలకు రాయాలని అనుకుంటున్నాము. సాహితి అక్కా, ఆ రోజుల్లో మీరు వాడిన ప్రశ్నల కాగితం ఇంకా ఉందా?

సాహితి (ఫార్మసిస్టు)
2019 జులై 27

ఉంది రమ్యా. అయితే మూడు ప్రశ్నలు ఇప్పుడు సరిపోవు, మరో రెండు కలుపుకో. గత మూడేళ్లలో ఆ దుకాణం ఏ సేవను ఆపేసింది లేదా దేనికి డబ్బు తీసుకోవడం మొదలుపెట్టింది? పనివేళలు ఎన్ని గంటలు తగ్గాయి? ఈ రెండింటికీ జవాబు తేదీలతో సహా రాసుకో, ఎందుకంటే తేదీ లేని మాటను అధికారులు పక్కన పెడతారు. దుకాణదారు పేరు బయటపెట్టవద్దంటే పెట్టకు, వీధి పేరు చాలు. నడక సమయం మాత్రం తప్పకుండా నువ్వే నడిచి రాయి, వీలైతే సరుకుల సంచి మోస్తూ వాన రోజున నడువు. ఆగస్టులో ఎంపీలు నియోజకవర్గాల్లోనే ఉంటారు కాబట్టి అపాయింట్‌మెంట్ ఇప్పుడే అడుగు. మొదటి దుకాణం కాగితం పూర్తికాగానే నాకు పంపు, ఆదివారం కూర్చుని చూసి పెడతాను.